తలకు దెబ్బ తగిలినవాని చెంత
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నేను భారతమును గూర్చి మాటలాడుదునని కార్యదర్శిగారు తలంచిరి. కార్యక్రమ పత్రమున అట్లే అచ్చువేయించిరి కూడ. వారి క్షమాపణ వేడుచు విషయమును మార్చుకొంటిని. తలకు దెబ్బ తగిలిన మనుష్యుని చెంత కూర్చుండి వానిని కనిపెట్టుట యెట్లు, వానికి పరిచర్య చేయుట యెట్లు అనునదియే నేటి నా విషయము. భారతము మధ్యలో రాకమానదు. అది నా అలవాటు, మీరు ఎరిగినదే.

నేను వైద్యుడను కాను. సహకార సంఘమున లెక్కలు వ్రాయువాడను. మా తాతగారు ఈ యూరికి కరణము. ఆ కొలువు 1984లో రద్దయినది గాని మీరు మాత్రము నన్ను కరణముగారనియే పిలుచుచున్నారు. ఇందు నేను చెప్పబోవు వైద్య విషయములను తెలిసినవారికి చదివి వినిపించి, తప్పులు దిద్దించుకొనియే మీ ముందు నిలిచితిని.

మన యూరికి ఒక వంక సముద్రము, ఒక వంక వైనతేయ గోదావరి. తక్కినదంతయు కొబ్బరి. దింపు కార్మికుడు నడుమున తాడు బిగించుకొని ఎక్కు చెట్టు ఒక్కొక్కటి అరువది అడుగులుండును. చెట్టు తడిసియున్నను, మట్ట ఊడినను వాడు తలక్రిందుగా వచ్చును. ఎక్కని వారికిని అపాయము లేకపోలేదు. తోటలో నడచుచున్న ముసలమ్మపై కాయ పడవచ్చును. పడవలో తెరచాప కొయ్య తిరిగి తలకు తగులవచ్చును. వీనికి తోడు ఇప్పుడు మోటారు సైకిళ్ళు వచ్చినవి. శిరస్త్రాణము ధరింపవలెనని 1988 నాటి మోటారు వాహనముల చట్టమే చెప్పుచున్నది. మన కుఱ్ఱవాండ్రు దానిని కొనకపోరు. కొని, బండి చేతికి వ్రేలాడదీయుదురు!

ఈ విషయమును నేనెందుకు ఎన్నుకొంటినో చెప్పెదను. 1998లో మా పెదతండ్రిగారి కుమారుడు, నాకు అన్నయ్య, మా దొడ్డిలోని చెట్టునుండి పడెను. మరీ ఎత్తునుండి కాదు. చెవికి పైగా, కణతకు దెబ్బ తగిలెను. కొంతసేపు స్పృహ తప్పెను. పిదప లేచి కూర్చుండి, మజ్జిగ త్రాగి, "ఏమీ లేదురా, కళ్ళు తిరిగాయి అంతే" అని నవ్వెను. మేము సంతోషించితిమి. సాయంకాలము తలనొప్పి అనెను. రెండుమారులు వాంతి చేసికొనెను. ఎండదెబ్బయని పెద్దలనిరి. రాత్రి పెందలకడనే పండుకొనెను. వదినగారు లేపబోగా, "పాపం, పడుకోనీ వదినా" అని వారించినవాడను నేనే. తెల్లవారుజామున గురక వినబడినది. మునుపు గురకపెట్టు అలవాటు ఆయనకు లేదు. మంచి నిద్ర పట్టినదని అనుకొంటిమి. తెల్లవారినపిమ్మట ఎంత పిలిచినను పలుకలేదు.

ఆ రోజులలో గౌతమిపై యెదుర్లంక వారధి లేదు. అది 2002లో వచ్చినది. పంటు మీద దాటి కాకినాడ చేరునప్పటికి ప్రొద్దెక్కినది. అక్కడి వైద్యుడు మమ్ము మూడు ప్రశ్నలడిగెను. పడినది ఏ గంటకు? తెలివిగా మాటలాడిన కడపటి వేళ ఏది? గురక ఎప్పుడు మొదలైనది? నలుగురము వెళ్ళితిమి. ఒక్కరికిని సరియైన జవాబు తెలియదు. సంఘమునకు వచ్చిన ప్రతి ఎరువుల బస్తాకు వేళ వేసి చీటీ వ్రాయు నేను, మా అన్నయ్య రాత్రికి ఒక్క చీటీ వ్రాయలేదు. మూడవనాడు ఆయన పోయెను. త్వరగా తెచ్చియుండిన బ్రతికియుండునా అని వైద్యుని అడిగితిని. ఆయన బదులు చెప్పలేదు. నా భుజముపై చేయివేసెను.

అన్నయ్య నవ్వి మజ్జిగ త్రాగిన ఆ కొన్ని గంటలు ఏమిటో నాకు చాల ఏండ్లవరకు అర్థము కాలేదు. తరువాత చదివితిని. ఎదిగినవారి కపాలము మూతవేసి అతికిన పాత్ర వంటిది. సాగదు. అందు ఇంచుమించు 1,400 గ్రాముల మెదడు, కొంత రక్తము, దాదాపు 150 మిల్లీలీటర్ల తేటనీరు ఉండును. ఒకటి పెరిగినచో వేరొకటి తగ్గి చోటీయవలసినదే. ఈ సంగతిని 1783లో ఎడింబరోలోని మన్రో, 1824లో కెల్లీ అను వైద్యులు గుర్తించిరి. దెబ్బకు లోపలి నాళము తెగి రక్తము చేరుచున్నప్పుడు, మొదట ఆ తేటనీరును, సిరలలోని రక్తమును తప్పుకొని చోటిచ్చును. అంతవరకు మనిషి మాటలాడును, నవ్వును. మా భాషలో చెప్పవలెనన్న, నిలువ సొమ్ము ఉన్నంతవరకు నష్టము బయటపడదు. నిలువ తీరినపిమ్మట ఒక్క చెంచాడు రక్తము అదనముగా చేరినను లోపలి ఒత్తిడి ఒక్కసారిగా పెరిగిపోవును. మెదడు నొక్కుకొనిపోవును.

కణత సంగతి మన పూర్వులకు తెలియనిది కాదు. సుశ్రుతుడు శరీరమున 107 మర్మములను లెక్కించి, అందు 37 మెడనుండి పైకి ఉన్నవనెను. కణతలయందలి శంఖ మర్మములను సద్యఃప్రాణహరములలో, అనగా దెబ్బ తగిలిన వెంటనే ప్రాణము తీయువానిలో చేర్చెను. అక్కడి ఎముక పలుచన. దాని లోపలివైపున ఒక ధమని పాఱుచుండును. ఎముక చిట్లిన అది తెగును. సుశ్రుతుని మాటలో 'సద్యః' అనుదానిని మాత్రము కొంచెము సవరించుకొనవలెను. కొందరికి ఆ మధ్య కొన్ని గంటల గడువు దొరకును. ఆ గడువులో కపాలమునకు రంధ్రము చేసి రక్తమును తీసివేసినచో మనిషి దక్కును. అందుచేత ఆ గడువులో వాని ప్రక్కన కూర్చున్నవాడు చూచెనా, చూడలేదా అనునదియే ప్రశ్న.

ఇక్కడ చరకుని స్మరింపక తప్పదు. చికిత్సకు పాదములు నాలుగని ఆయన చెప్పెను. వైద్యుడు, ఔషధము, ఉపస్థాత, రోగి. ఉపస్థాత యనగా రోగి చెంత నిలుచువాడు, నేటి పరిచారిక. అట్టివానికి ఉండవలసిన గుణములును నాలుగు. ఉపచారము తెలిసియుండుట, నేర్పు, రోగిపై అనురాగము, శుచి. మన ఇండ్లలో అనురాగమునకు లోటు లేదు. నా అనుభవమున లోటు మొదటిదానికే. "పడుకోనీ" అన్న నా మాట అనురాగమువలననే వచ్చినది కదా.

భారతము అరణ్యపర్వమున ఒక ఘట్టము మీకు జ్ఞాపకముండును. సాల్వునితో యుద్ధమున ప్రద్యుమ్నుడు మూర్ఛపోగా, దారుకుని కుమారుడైన సారథి రథమును మఱలించి అతనిని రణభూమినుండి తొలగించుకొనిపోవును. తెలివి వచ్చిన ప్రద్యుమ్నుడు అతనిని నిందించును. స్పృహ తప్పిన రథికుని కాచుట సారథి ధర్మమని వాడు బదులు చెప్పును. నా దృష్టిలో ఆ ఘట్టమున వీరుడు సారథియే. కాని మన పురాణములు మనకొక అపకారము కూడ చేసినవి. వీరులు మూర్ఛపోవుదురు, తేఱుకొందురు, మఱల విల్లందుకొందురు. లక్ష్మణుడు పడిపోయిన ఓషధి వచ్చును, లేచి కూర్చుండును. కావున స్పృహ వచ్చిన చాలును, గండము గడచినదే యని మన మనస్సులో పడిపోయినది. తల దెబ్బకు సంజీవి లేదు. ఉన్నవి నూరు చిన్న పనులు, వానిని వేళకు చేయు చేతులును.

వైద్యులు ఈ గాయమును రెండుగా చూతురు. మొదటిది దెబ్బ తగిలిన క్షణముననే జరిగిపోయినది. దానిని ఎవ్వరును వెనుకకు తేలేరు. రెండవది ఆ తరువాత గంటలలో, దినములలో జరుగునది. ఊపిరి చాలక, రక్తపు పోటు పడిపోయి, వాపు పెరిగి, జ్వరము వచ్చి, మూర్ఛ యెత్తి మిగిలిన మెదడు కూడ చెడుట. పరిచారిక పోరాడునది ఈ రెండవదానితోనే.

ఆ పోరాటమును నేను కండ్లార చూచినది 2017లో. మా వీధి కుఱ్ఱవాడు, దింపు పని చేయువాడు, రాత్రివేళ బండిమీదనుండి పడెను. ఎవరో పుణ్యాత్ములు 108కి ఫోను చేసిరి. ఆ వాహనములు మన రాష్ట్రమున 2005లో మొదలైనవి. వాని ఇంట మగదిక్కు లేనందున నేను వెంట వెళ్ళి, కాకినాడలోని ఒక ఆసుపత్రిలో పదునొకండు రాత్రులు వాని మంచము చెంత ఉంటిని. అక్కడి రాత్రి డ్యూటీ సిస్టరమ్మ నా గురువు.

ఆమె చేతిలో ఒక కాగితముండెను. అడ్డగీతలు, నిలువు గీతలు, గంటలు, అంకెలు. చూడగానే అది నాకు చిట్టా పుస్తకమని తెలిసిపోయినది. అడుగగా విప్పి చెప్పెను. 1974లో గ్లాస్గో నగరమున టీస్‌డేల్, జెన్నెట్ అను ఇద్దరు శస్త్రవైద్యులు ఆ కొలతను ఏర్పరచిరి. అంతకు మునుపు ఒకరు 'మగత' యని వ్రాసినదానిని మరియొకరు 'అర్ధస్పృహ' యని వ్రాయుచుండిరి. తెల్లవారి వచ్చిన వైద్యునికి రోగి మెరుగైనాడో, చెడినాడో ఆ మాటలవలన తెలియకుండెను. ఈ కొలత ప్రకారము మూడు ఖాతాలు. కన్ను, మాట, కదలిక.

కన్ను తనంతట తెరచియున్న 4, పిలిచిన తెరచిన 3, నొక్కిన తెరచిన 2, ఎన్నటికిని తెరువకున్న 1. మాటకు పై మార్కు 5. తానెవరో, ఎక్కడ ఉన్నాడో, కాలమేదో చెప్పగలిగిన అది వచ్చును. తికమకగా మాటలాడిన 4, పొంతనలేని పదములు 3, మూలుగు 2, ఏమియు లేకున్న 1. కదలిక ఆరు మార్కులది. చెప్పిన పని చేసిన 6. నొక్కినచోటికి చేయి తెచ్చి తొలగింపజూచిన 5. చేయి వెనుకకు తీసికొన్న 4. మోచేయి వికృతముగా ముడుచుకొన్న 3. చేతులు బిగదీసికొని చాచుకొనిపోయిన 2. కదలనే కదలకున్న 1. మొత్తము 15. అన్నియు పోయినను 3 మిగులును. మొత్తము 8 గాని, అంతకు తక్కువగాని అయినచో తీవ్రమైన గాయమని ఎంతురు. 9 మొదలు 12 వరకు మధ్యమము.

ఇందు కొన్ని మెలకువలు నన్ను ముగ్ధుని చేసినవి. చేయి పట్టుకొని "నొక్కు" మన్న రోగి నొక్కవచ్చును. అది పసిబిడ్డ మన వేలు పట్టుకొన్నట్లు తెలియక చేసినదియు కావచ్చును. అందుచేత "నొక్కు, ఇప్పుడు వదులు" అని ఆమె అడుగును. వదలిననే 6. ఊపిరికి గొట్టము వేసినవాడు మాటలాడలేడు, కన్ను వాచి మూసికొనిపోయినవాడు తెరువలేడు. అట్టివారికి 1 వేయరాదు, 'పరీక్షింప వీలుకాలేదు' అని వ్రాయవలెను. లెక్క చూచితిమి, నిలువ సున్నయనుట వేరు. లెక్క చూడనేలేదనుట వేరు. మా ఆడిటరుగారు నాకు ఏండ్ల తరబడి చెప్పిన పాఠమది! మూడు ఖాతాలను వేరువేరుగా వ్రాయవలెను గాని మొత్తము మాత్రము వేసి ఊరకుండరాదు. మొత్తము 9 అయిన ఇద్దరి స్థితి ఒకటి కానక్కరలేదు.

ప్రశ్నలు రోగి బ్రతుకులోనుండి అడుగవలెను. మన వేటగానిని ఇంగ్లీషు తేదీ అడిగిన తెలివిలో ఉన్ననాడును చెప్పలేడు. అమావాస్య ఎన్నడనిన ఠక్కున చెప్పును. చెవిటివానికి 'మాట లేదు' అని వ్రాసిన అది వ్రాసినవాని తప్పు. ఇక్కడి తీర కేంద్రమున పనికి పొరుగు రాష్ట్రములనుండి వచ్చిన వారెవరైన పడినచో, వారి భాష తెలిసినవానిని పిలిపింపవలెను. అన్నిటికంటె పెద్ద పొరపాటు మరియొకటి కలదు. నోట కల్లు వాసన వచ్చినచో "తాగి పడిపోయాడు, దిగితే లేస్తాడు" అని వదలివేయుట. త్రాగినవాడే ఎక్కువగా పడును. కావున వానినే ఎక్కువ జాగ్రత్తగా చూడవలెను.

అంకెలు వేసినపిమ్మట టార్చి లైటుతో రెండు కంటిపాపలను చూచును. రెండును సమానముగా ఉన్నవా, వెలుగుకు చిన్నవగుచున్నవా? ఒక పాప పెద్దదై వెలుగుకు కదలకున్నచో, సాధారణముగా ఆ ప్రక్కన మెదడు ఒత్తుకొనిపోయి కంటినరమును నొక్కుచున్నదని గుర్తు. పిదప నాడి, పోటు, ఊపిరి, జ్వరము. రక్తపు పోటు పెరుగుచు, నాడి మందగించుచు, ఊపిరి క్రమము తప్పుచున్నచో ప్రమాదము ముంచుకొనివచ్చినదని గుర్తు. అమెరికా వైద్యుడు కుషింగు గత శతాబ్దపు మొదటి ఏండ్లలో దీనిని వివరించెను. కాని ఆ గుర్తు ఆలస్యముగా వచ్చును. దానికొరకు కాచుకొని కూర్చున్నవాడు రైలు వెళ్ళిన తరువాత స్టేషను చేరినవాడగును.

ఈ లెక్కయంతయు ఆమె అరగంట కొకసారి చూచెడిది. రెండవ రాత్రి నాకు మనస్సు నిలువక, "నిద్రపోతున్నాడు గదమ్మా, మాటిమాటికీ లేపడం పాపం కాదా?" అంటిని. ఆమె తలయెత్తకయే, "నిద్రో కాదో లేపితేనే కదా బాబాయిగారూ తెలిసేది" అనెను. పందొమ్మిదేండ్ల క్రిందటి గురక నా చెవిలో వినబడినది.

ఆ రాత్రియే ఒంటిగంటన్నరకు లేపి, "ఇది ఏ ఊరు?" అని అడిగెను. వాడు అర్ధరాత్రివేళ 'కాకినాడ' అన్నవాడు, ఇప్పుడు 'అమలాపురం సంత' అనెను. మాటలో ఒక్క అంకె తగ్గినది. నేనైన నిద్రమత్తు అని నవ్వి ఊరకుందును. ఆమె నవ్వలేదు. పది నిమిషములకు మఱల అడిగెను. చేయి ఎత్తుమన్న ఎడమచేయి కొంచెము జాఱినది. దీపము వేసి చూచి, నన్నును చూడమనెను. కుడి పాప ఎడమదానికంటె నెమ్మదిగా ముడుచుకొనుచున్నది. నాకు తేడా కనబడలేదు. ఆమెకు కనబడినది. ఏలయనగా అంతకు మునుపటి చూపులన్నియు ఆమె కాగితముమీద ఉన్నవి. వెంటనే వైద్యునికి ఫోను చేసెను. స్కాను తీసిరి. తెల్లవారకమునుపే కపాలము తెరచి గడ్డకట్టిన రక్తమును తీసివేసిరి. ఒక్క అంకె తగ్గి అరగంటపాటు అట్లే నిలిచినను వైద్యుని పిలువవలెనని, నాలుగు తగ్గువరకు వేచియుండుట నేరమని ఆమె తరువాత చెప్పెను.

శస్త్రచికిత్స వైద్యునిది. తరువాతి పది దినములు ఆమెవియే. తలవైపు మంచమును ముప్పది డిగ్రీలు ఎత్తియుంచిరి. మెడ అటునిటు వ్రాలకుండ తిన్నగా నిలిపిరి. మెడ వంగిన రక్తము క్రిందికి దిగక తలలో ఒత్తిడి పెరుగునట. గొట్టమును కట్టిన పట్టీ మెడను బిగించుచున్నదా యని ఆమె వ్రేలు దూర్చి చూచెడిది. గొంతులోని కఫమును పీల్చివేయుట కూడ పది పదునైదు క్షణములకు మించి చేయదు. అదియు ఒత్తిడిని పెంచునదే. రెండు గంటల కొకసారి ఒత్తిగించి పండుకొనబెట్టెడివారు. లేనిచో వీపున పుండ్లు పడును, ఊపిరితిత్తులలో నెమ్ము చేరును. వెన్ను, మెడ చెక్కుచెదరక ఉన్నవని తేలువరకు నలుగురు పట్టి, కొబ్బరి మొద్దును దొర్లించినట్లు దేహమంతయు ఒక్కమాటుగా తిప్పిరి. కనుఱెప్ప మూయలేనప్పుడు కన్ను ఎండిపోకుండ మందు చుక్కలు వేసి మూసిరి. నోరు శుభ్రము చేసిరి. జ్వరము రానీయలేదు. మలబద్ధము కానీయలేదు. ముక్కినను తలలో పోటు పెరుగును. ఆహారము గొట్టముగుండ కొలతప్రకారము పోసిరి. మ్రింగగలడని పరీక్షించిన పిదపనే మొదటి చెంచాడు నోటికిచ్చిరి. పనులన్నియు ఒక్కమాటే మీద వేయక, నడుమ నడుమ ఊరట నిచ్చిరి. పరామర్శకు వచ్చి మంచముచుట్టు మూగి ఏడ్చు బంధువులను బయటకు పంపిరి. మనవారికి కోపము వచ్చినది. వారి మేలుకొరకే యని నేను నచ్చజెప్పవలసి వచ్చినది.

మందుల మాట ఒకటి చెప్పవలెను. తలవాపు తగ్గునని స్టీరాయిడు సూదులను లోకమంతట ఏండ్ల తరబడి ఇచ్చిరి. అందరును మేలే యనుకొనిరి. చివరకు పదివేలమందికి పైగా రోగులను లెక్కపెట్టి చూడగా, ఆ సూది వేసినవారిలోనే మరణములు ఎక్కువయని 2004లో తేలెను. దానితో మానివేసిరి. ఎంతటి పెద్దల నమ్మకమైనను లెక్కకు నిలువవలసినదే.

ఇక ఇంటివద్ద మనము చేయు పనులు. పడినవానిని చేతులు పట్టి లేపి కూర్చుండబెట్టుదుము. నోట నీళ్ళు పోయుదుము. ముక్కువద్ద ఉల్లిపాయ, చేతిలో తాళపుచెవులు, గాయములో కాఫీపొడి. ఇవన్నియు మానవలెను. తెలివిలేనివాని నోట పోసిన నీరు ఊపిరితిత్తులలోనికి పోవును. తల దెబ్బతో మెడ ఎముకయు విరిగియుండవచ్చును గనుక, ఒకరు తలను రెండు చేతుల నడుమ కదలకుండ పట్టుకొనగా, బల్లమీదనో తలుపు రెక్కమీదనో చేర్చి ఎత్తవలెను. వాంతి వచ్చినచో తల ఒక్కటే తిప్పక, దేహమంతయు ప్రక్కకు త్రిప్పవలెను. రక్తమునకు శుభ్రమైన గుడ్డ అదిమి ఉంచవలెను గాని ఎముక లోపలికి దిగినట్లున్నచోట ఒత్తరాదు. చెవినుండి గాని, ముక్కునుండి గాని తేటనీరు కారినచో దూది కుక్కరాదు. అది మెదడు చుట్టునుండు నీరు కావచ్చును. చెవి వెనుకను, కండ్లచుట్టును నల్లగా కమిలినను కపాలము అడుగున చిట్లినదేమో యని అనుమానింపవలెను. పోలీసు కేసుకు జడిసి వెనుకాడనక్కరలేదు. 2019లో సవరించిన చట్టము ప్రమాదమున సాయపడినవారికి రక్షణ కల్పించినది.

వైద్యుడు పరీక్షించి ఇంటికి పంపినవానిని నిద్రపోనీయవచ్చును. ఆయన చెప్పిన వేళలకు లేపి చూడవలెను. వైద్యుడు చూడనివానిని, స్పృహ తప్పి లేచినవానిని, వాంతి చేసికొన్నవానిని "రేపు చూద్దాం" అని పండుకొనబెట్టరాదు. ముసలివారి విషయము మరియును మోసకరము. గడపకు తగిలిన చిన్న దెబ్బయే వారాల తరువాత మతిమరపుగా, నడక తప్పుటగా బయటపడవచ్చును. రక్తమును పలుచబఱచు మాత్రలు వేసికొనువారి ఇంట ఈ సంగతి గోడమీద వ్రాసికొనుడు.

ఆ కుఱ్ఱవాడు బ్రతికెను. ఊరంతయు సంతోషించినది. తరువాతి సంగతి మాత్రము వాని భార్య ఒక్కతెయే ఎరుగును. నెమ్మదిగల మనిషి చిన్నమాటకు కంచము విసరుచుండెను. వెలుగు చూడలేడు. గోల భరింపలేడు. చేపల పులుసు వాసన తెలియదనెను. పొద్దున చెప్పినది సాయంకాలమునకు మఱచెడివాడు. ఊరివారు "పొగరెక్కింది" అనిరి. ఆ అమ్మాయి మా ఇంటికి వచ్చి, "ఆసుపత్రి నుంచి వేరే మనిషిని తెచ్చుకున్నట్టుంది బాబాయిగారూ" అని ఏడ్చెను. అది పొగరు కాదు, గాయము. చేయి విరిగిన కట్టు కనబడును, ఇది కనబడదు. వానికి చీకటి గది, వేళకు నిద్ర, ఒకసారి ఒక్క పని, గోడమీద పలకపై ఆనాటి పనుల పట్టిక. ఇవి మెల్లమెల్లగా పనిచేసినవి. కల్లు ముట్టరాదని, వైద్యుడు చెప్పువరకు చెట్టెక్కరాదని నిర్ణయము. మూర్ఛ వచ్చు భయము కలదు. సంవత్సరము దాటినపిమ్మట కాయల లెక్క వ్రాయు పనిలో కూర్చుండబెట్టితిని. మొదట వందకు పది తప్పులు పోయినవి. ఇప్పుడు నా లెక్కలో తప్పులు వాడు పట్టుచున్నాడు. నేటికిని ఒకొక్కనాడు కోపము వచ్చును. అట్టినాడు వాని భార్య మాటలాడక బిడ్డలను తీసికొని మా అరుగుమీదికి వచ్చి కూర్చుండును. కొంతసేపటికి వాడే వచ్చి పిలుచుకొనిపోవును.

కార్యదర్శిగారు గడియారము చూచుచున్నారు. ఒక్క మనవి చేసి విరమించెదను. ఒక కాగితమును గీచి, నలుబది ప్రతులు తెచ్చితిని. అందు అంకెల కొలత లేదు. అది ఆసుపత్రివారి పని. పడిన వేళ, స్పృహ తప్పెనా, ఎంతసేపు, తరువాత ప్రతి అరగంటకు పిలిచిన పలికెనా, ఏమనెను, రెండు చేతులు సమానముగా ఎత్తెనా, వాంతి, గురక, మూర్ఛ. ఇంతే. దెబ్బ తగిలిన క్షణమునుండి ఆసుపత్రి చేరువరకు వెంట ఉన్నవారు దీనిని నింపి వైద్యుని చేతికీయవలెను. దీనిని నింపుటకై బయలుదేరుట ఆపరాదు. బండిలోనే వ్రాయవచ్చును. క్రింద 108 అను అంకెను పెద్ద అక్షరములతో వ్రాసితిని. పత్రికల బల్లప్రక్కన మేకునకు తగిలించితిని. పెన్సిలును దారముతో కట్టితిని. పెన్సిలు మాత్రము ఎవ్వరును ఇంటికి తీసికొనిపోవలదని ప్రార్థన.